విన్న పాటల రోజ్‌నామ్చా

పోలీస్ ఠాణాలో రోజ్‌నామ్చా ఉంటుంది. షావుకారి దగ్గర ఖాతా బుక్కు ఉంటుంది. పాటలు వినడానికి కూడా ఒక రోజ్‌నామ్చా ఉండేదనీ, అది కంప్యూటర్ లోపల ఓ మూలన కూర్చుని మనం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు పాడిన ఏ పాట విన్నామో ఖామోష్‌గా రాసుకునేదనీ చెబితే ఇప్పటి పిల్లలకు వింతగా తోచదు. డిసెంబర్ రాగానే వాళ్ళ ఫోనే ఏడాది హిసాబ్ అంతా రంగురంగుల బొమ్మలు చేసి చేతికిస్తుంది. వాళ్ళకు వింతగా ఉండేది ఇంకొకటి: ఒక జమానాలో ఈ ముంశీని మనమే వెతికి, డౌన్‌లోడ్ చేసుకుని, ఇజాజత్ ఇచ్చి మరీ ఇంట్లో కూర్చోబెట్టుకున్నాం.

తారీఖ్ అంటే తెలుగులో తేదీ. ఉర్దూలో చరిత్ర కూడా. ఈ రోజ్‌నామ్చాలు మొదటి అర్థంలో తారీఖ్ రాస్తూ పోయాయి, పదిహేను ఇరవై ఏళ్ళు గడిచాక చూస్తే అది రెండో అర్థంలోనూ తారీఖ్ అయి కూర్చుంది. గజ్వేల్‌లో ఒక చిన్న దుకాణంలో 2006 నుంచి అలా పేరుకున్న లెక్క ఒకటి నా దగ్గర ఉంది. దాని సంగతి చెబుతాను కానీ, ముందు కొంచెం వెనక్కి పోవాలి.

మనవాళ్ళ శౌఖ్‌ని లెక్కపెట్టాలన్న ఆలోచన కంప్యూటర్‌తో పుట్టలేదు. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు పెద్దవాళ్ళకు యాదికుంటాయి. ఎవరింట్లో పెట్టె ఉందో సర్కారుకు తెలుసు. ఆ పెట్టెలో ఏం మోగుతోందో మాత్రం తెలీదు. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటల మీద కత్తి కట్టాడు. జనం ఏం వినాలో దిల్లీ తేల్చేసింది, జనం మాత్రం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో అక్కడ అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలుపెట్టాడు. మొదటి ప్రోగ్రాంకే 9 వేల ఉత్తరాలు వచ్చాయనీ, తర్వాత వారానికి 65 వేల దాకా పోయాయనీ సయానీ సాబ్ స్వయంగా చెప్పుకునేవారు. మొదట్లో ఏడు పాటలు వేసి వరస మీరు చెప్పండి అని శ్రోతలనే అడిగేవారట. ఆ ఉత్తరాల గుట్టలు మోయలేకే కావచ్చు, రెండేళ్ళలో అది రికార్డుల అమ్మకాల మీద, శ్రోతా సంఘాల రాయ్ మీద నడిచే పాయ్‌దాన్‌ల వరసగా మారింది. ఏ పాట ఏ మెట్టు మీద ఉందన్నది బుధవారం రాత్రి హోటళ్ళ దగ్గర బహస్ అయ్యేది.

సిలోన్ దెబ్బకు దిల్లీ దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ్ భారతి పెట్టింది. ఇక ఫర్మాయిష్‌ల జమానా. బీహార్‌లో అప్పుడు చిన్న ఊరైన ఝుమ్రీ తలైయా (ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది) కార్డులు రాసి రాసి ముల్కంతా మశ్‌హూర్ అయింది. మనవాళ్ళేమీ తక్కువ తినలేదు, కార్డు మీద ఖాందాన్ మొత్తం పేర్లు రాసి పంపేవాళ్ళు. గమనించండి, ఆ కార్డు లెక్కలో వినేవాడు ఎప్పుడూ ఒక్కడు కాదు. "ఫలానా ఊరి నుంచి ఫలానా, ఫలానా, వాళ్ళ అమ్మీ, వాళ్ళ దోస్తులు" అని మంద మంద. ఇంకొకటి, ఆ కార్డు చెప్పేది వినాలన్న కోరిక. విన్నట్టు సాక్ష్యం కాదు.

అడగకుండా సాక్ష్యం పట్టే పని అమెరికావాళ్ళు ముందే మొదలుపెట్టారు. ఎంఐటీలో పుట్టిన ఆడిమీటర్ అనే యంత్రాన్ని 1936లో నీల్సన్ కంపెనీ కొనుక్కుంది, 1942లో దాంతో సర్వీసు మొదలుపెట్టింది. రేడియో సెట్‌కి తగిలిస్తే ముల్లు ఏ స్టేషన్ మీద ఎంతసేపు ఉందో అదే గీసుకునేది. మనిషి జ్ఞాపకం మీద, మనిషి గొప్పల మీద భరోసా అక్కర్లేదు. కానీ సెట్ ముందు ఎవరు కూర్చున్నారో దానికి తెలీదు. సెట్ పాడుతుంటే ఇంటావిడ పెరట్లో బట్టలు ఉతుక్కుంటున్నా అది విన్నట్టే. ఈ ఐబు తర్వాత వచ్చిన ప్రతి యంత్రానికీ వారసత్వంగా వచ్చింది.

ఇక కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఎంపీత్రీ ఫైలు చివర్న 128 బైట్ల చిన్న చీటీ అతికించే పద్ధతి కనిపెట్టాడు. దాని పేరు ఐడీత్రీ. పాట పేరుకు 30 అక్షరాలు, పాడినవారికి 30, ఆల్బంకి 30, సంవత్సరానికి 4, మాటకు 30, చివర్న కిస్మ్ చెప్పడానికి ఒక నంబర్. అంతే. ముప్పై అక్షరాలంటే సరిపోదా అనుకుంటారు. ఒకసారి ఇంగ్లీషు స్పెల్లింగులో "ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్ అండ్ పార్టీ" అని రాసి, అండ్ బదులు గుర్తు పెట్టి, ఖాళీలతో సహా లెక్కపెట్టండి. ఆ గుర్తు, దాని పక్క ఖాళీతో సరిగ్గా ముప్పై నిండుతుంది. "పార్టీ" తెగి కింద పడుతుంది. కవ్వాలీ తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ పార్టీ లేకుండా కవ్వాలీయే లేదు. చప్పట్లు వాళ్ళవి, అందుకునే గొంతులు వాళ్ళవి, ఉస్తాద్ ఊపిరి తీసుకునే సందులో పాటను నిలబెట్టేదీ వాళ్ళే.

కిస్మ్ నంబర్ల సంగతి ఇంకా తమాషా. మొదటి జాబితాలో ఎనభై ఉన్నాయి. పోల్కాకి నంబర్ ఉంది. క్రిస్టియన్ ర్యాప్‌కి ఉంది. గజల్‌కి లేదు, కవ్వాలీకి లేదు, మన సినిమా పాటకూ లేదు. "ఎత్నిక్" అని ఒక గంప ఉంది, మిగిలిన దునియా అంతా అందులో.

అసలు పాడినవారు అన్న గడే మన దగ్గర ఒక ఝగడా. వాళ్ళ దేశంలో ఆర్టిస్ట్ అంటే పాడేవాడే. మన సినిమా పాటకు ఆర్టిస్ట్ ఎవరు? పాడిన బాలు గారా, బాణీ కట్టిన ఇళయరాజా గారా? పైరసీ సీడీలు చేసేవాళ్ళు ఒక్కోసారి హీరో పేరు రాసేవాళ్ళు, ఒక్కోసారి తమ వెబ్‌సైట్ పేరే రాసుకునేవాళ్ళు. ఘంటసాల గారి పేరు హెచ్‌తో ఒకటి, హెచ్ లేకుండా ఒకటి, వెంకటేశ్వరరావుతో కలిపి ఇంకొకటి. యంత్రం కళ్ళకు ముగ్గురు వేర్వేరు మనుషులు. తెలుగు లిపిలో రాసే వీలు ఆ మొదటి చీటీలో లేనే లేదు. తర్వాతి కిస్మ్ చీటీల్లో వచ్చింది గానీ అప్పటికి దేశమంతా ఇంగ్లీషు అక్షరాల్లో అలవాటు పడిపోయింది. రోజ్‌నామ్చా రాసే ముంశీ ఈ చీటీ చూసే రాస్తాడు. చీటీ తప్పయితే తారీఖ్ తప్పే.

1997లో జస్టిన్ ఫ్రాంకెల్ విన్‌యాంప్ తెచ్చాడు. దాని బలం ఏమిటంటే, బయటివాళ్ళు రాసిన చిన్న చిన్న ప్లగిన్లు దానికి తగిలించుకోవచ్చు. ఎన్నిసార్లు పాడిందో లెక్కపెట్టేవీ, ఇప్పుడేం పాడుతోందో దోస్తులకు చాటింగ్‌లో చూపించేవీ అలాగే పుట్టాయి. ఇవన్నీ ఇంటి గడప దాటని లెక్కలు, మన పుస్తకం మన అల్మారాలోనే.

గడప దాటించిన మొదటి పెద్ద కిస్సా బద్‌నామ్‌గా మిగిలింది. 1999 నవంబర్‌లో రిచర్డ్ స్మిత్ అనే భద్రతా నిపుణుడు రియల్‌జూక్‌బాక్స్ అనే ప్రోగ్రాంని పరీక్షించి, అది వినేవాళ్ళకు చెప్పకుండా వాళ్ళ సంగీతం వివరాలు కంపెనీకి పంపుతోందనీ, ప్రతి కాపీకి ఒక ప్రత్యేక నంబర్ ఉందనీ బయటపెట్టాడు. గోల అయింది. రియల్‌నెట్‌వర్క్స్ మాఫీ అడిగి, ఆ పని ఆపే మరమ్మతు విడుదల చేసింది.

సరిగ్గా మూడేళ్ళు తిరక్కుండా, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీలో చదువుకునే రిచర్డ్ జోన్స్ అదే పని చేసే ప్లగిన్ రాశాడు. 2002లో, కాలేజీ ప్రాజెక్టుగా. పేరు ఆడియోస్క్రాబ్లర్. ఇది కూడా ఏం విన్నావో బయటికి పంపుతుంది. కానీ చెప్పి పంపుతుంది, పంపింది నీకే చూపిస్తుంది, నీలాగే వినేవాళ్ళు ఇంకెవరున్నారో వెతికి పెడుతుంది. అదే పని దొంగచాటుగా చేస్తే చోరీ, అడిగి చేస్తే తోహ్ఫా. జనం ఎగబడ్డారు. అదే ఏడాది లండన్‌లో పుట్టిన లాస్ట్‌ఎఫ్ఎం అనే ఇంటర్నెట్ రేడియోతో ఇది 2005లో ఒకటైపోయింది. స్క్రాబుల్ చేయడం అన్న మాటే పుట్టింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఆ ప్లగిన్లకు పెట్టిన కాయిదాలు. ఒక పాట విన్నట్టు ఎప్పుడు లెక్క? పెద్ద సవాలే మరి. రాసినవాళ్ళు ఇలా తేల్చారు: ముప్పై సెకన్ల కంటే చిన్నది పాట కాదు. సగం విన్నా, లేదా నాలుగు నిమిషాలు విన్నా, రెంటిలో ఏది ముందయితే అప్పుడు విన్నట్టు. ఇంటర్నెట్ రేడియో వింటే లెక్కలోకి రాదు. పాత కాయిదాలో ఇంకొకటి ఉండేది. పాట లెక్కలో పడే లోపల వినేవాడు దాన్ని ముందుకో వెనక్కో లాగితే, ఇక ఆ పాటను పంపొద్దు.

కారణం తెలుస్తూనే ఉంది. వినకుండానే ముందుకు జరిపి విన్నట్టు చూపించుకునే చాలూగాళ్ళను ఆపడానికి. బేషక్ అక్లమందీయే. కానీ ఆ కాయిదా రాసినవాళ్ళ మనసులో పాట అంటే మూడున్నర నిమిషాల ముక్క, మొదటి నుంచి చివరికి తిన్నగా వినేది. మన దగ్గర వినడం అలా ఉండదు. ముషాయిరాలో షాయర్ మత్‌లా చదివితే సభ "ముకర్రర్!" అంటుంది, మళ్ళీ చదువు అని. గజల్ పాడేవాడు నచ్చిన మిస్రా దగ్గర తిరిగి తిరిగి వస్తాడు. కవ్వాలీలో ఒక్క షేర్ మీద పది నిమిషాలు కూర్చుంటారు. వెనక్కి పోవడం మనకు వినడంలో భాగం, తారీఫ్ చేసే పద్ధతే అది. యంత్రం దాన్ని వినకపోవడం అనుకుంది.

2007లో కొత్తగా రాసిన కాయిదాల్లో ఈ షరతు తీసేశారు. ఆపినా, జరిపినా పర్వాలేదు, మొత్తం మీద అంతసేపు పాడితే చాలన్నారు. అయితే అందరూ వెంటనే కొత్త ప్లగిన్ వేసుకోరు కదా.

ఇప్పుడు గజ్వేల్ సంగతి. అప్పటికి మాది మెదక్ జిల్లా, సిద్దిపేట జిల్లా కావడానికి ఇంకా పదేళ్ళుంది. రైలు లేదు, ప్రజ్ఞాపూర్ చౌరస్తా మీద హైదరాబాద్ బస్సుల కోసం నిలబడే రోజులు. బస్టాండ్ దగ్గర మా మామూకు డీటీపీ దుకాణం ఉండేది. ఒక పక్క జిరాక్స్. ఇంకో పక్క కంప్యూటర్ మీద ఇన్‌పేజ్‌లో నికాహ్ రుఖాలు, తెలుగులో పెళ్ళి పత్రికలు. మొబైళ్ళు వచ్చాక పాటలు ఎక్కించే పని కూడా తోడైంది, మెమరీ కార్డు ఇస్తే నింపి ఇచ్చేవాళ్ళం. ఆ కంప్యూటర్‌లో విన్‌యాంప్ ఉండేది, దానికి తగిలించిన లెక్కల ప్లగిన్ నాది. పాత కాయిదాల ప్లగిన్, ఏళ్ళ తరబడి అదే ఉండిపోయింది. ఖాతా నా పేరు మీద. వినేవాళ్ళు మాత్రం మామూ, నేను, దుకాణంలో పనిచేసే పిల్లవాడు, పత్రికకు ప్రూఫ్ చూడ్డానికి వచ్చి గంట కూర్చునే గిరాకీ. ఝుమ్రీ తలైయా కార్డు లాగే మంద మంద. కార్డు మీద పేర్లన్నీ ఉండేవి. ఇక్కడ నా ఒక్కడి పేరే.

మామూ నాలుగేళ్ళ కింద అల్లాకు ప్యారే అయ్యారు. ఆయన కొడుకు జెద్దాలో ఉంటాడు. పోయిన రంజాన్‌కు ముందు ఫోన్ చేసి, "భాయ్‌జాన్, అబ్బా దుకాణంలో ఏం వినేవారో మీ దగ్గర లిస్టు ఉందంట గదా, పంపుతరా? బండిలో విందామని" అన్నాడు. దుకాణం నడిచిన రోజుల్లో వాడు బళ్ళో చదువుకునేవాడు, పొద్దంతా అక్కడ లేడు. సరే అన్నాను. కూర్చుని లెక్క తెరిస్తే అప్పుడు వచ్చింది అసలు సవాలు. ఇందులో మామూ విన్నవేవి, నేను విన్నవేవి?

యంత్రం చెప్పదు. ఆడిమీటర్ చెప్పనట్టే. కానీ ప్రతి పాట పక్కన సమయం ఉంది. అది కూడా యూటీసీ గడియారం, మనది కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి. లేకపోతే తెల్లవారుజామున మోగింది ముందు రోజు తారీఖున పడుతుంది. కలిపి చూస్తే ఒక దారి దొరికింది. నేను కాలేజీకి పోయి మధ్యాహ్నం రెండున్నరకు గానీ దుకాణానికి వచ్చేవాణ్ణి కాదు. కాబట్టి పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా ఉన్నవి మామూవి. ఆదివారాలు, సెలవులు తీసేయాలి. సాయంత్రం ఆరు తర్వాత బొమ్మరిల్లు, పోకిరి పాటలు ఒక్కొక్కటి మూడేసి సార్లు పడ్డాయంటే అవి గిరాకీ కోసం వినిపించినవి. అలా జల్లెడ పట్టాను.

జల్లెడ పడుతుంటే పాటల కంటే ఖాళీలే ఎక్కువ మాట్లాడాయి. నెట్ పోయినా ఆ ప్లగిన్ రాసి దాచుకుని, కనెక్షన్ రాగానే పంపేది. కాబట్టి ఖాళీ అంటే నెట్ లేదని కాదు, పాటే లేదని. ఎండాకాలంలో రెండేసి గంటల ఖాళీలు, కొన్ని వారాలు పొద్దున, కొన్ని వారాలు మధ్యాహ్నం. అది కరెంటు కోత, వేళలు మార్చి మార్చి తీసేవాళ్ళు. శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండు దాకా ఖాళీ, అది జుమా. 2006 సెప్టెంబర్ ఆఖర్న రంజాన్ మొదలయ్యాక సాయంత్రాలు ఖామోషి, ఈద్ దగ్గరపడ్డ రోజుల్లో మళ్ళీ రాత్రి పదకొండు దాకా దుకాణం తెరిచి ఉన్న జాడ. 2007 జనవరి ఆఖరి పది రోజులు మొత్తం ఖాళీ. ముహర్రం. మా గల్లీ చివర పీర్లు లేచే రోజుల్లో మామూ కంప్యూటర్‌లో పాట పెట్టేవారు కాదు. పక్క హోటల్ రెడ్డి గారు కూడా ఆ పది రోజులు టేప్ రికార్డర్ గొంతు తగ్గించేవారు, అది ఏ లెక్కలోనూ లేదు, నాకు యాదుంది గనక రాస్తున్నాను. రుచి కొలవడానికి పెట్టిన యంత్రం రుచిని సగమే పట్టింది. ఒక బజారు వేళాపాళా మాత్రం నిమిషంతో సహా రాసిపెట్టింది.

రుచిని సగమే పట్టిందని ఎందుకంటున్నానంటే, మామూ లిస్టులో కవ్వాలీలే పైన ఉన్నాయి. నుస్రత్ సాబ్, సాబ్రీ బ్రదర్స్, మన హైదరాబాద్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. వార్సీ సాబ్‌కు 1971లో పద్మశ్రీ వచ్చినప్పటి ముచ్చట మామూ వాళ్ళ నాన్న నుంచి విని చెప్పేవారు. గజళ్ళు అడుగున ఎక్కడో. మామూను ఎరిగినవాళ్ళు ఎవరైనా నవ్వుతారు. ఆయన గజల్ మనిషి. మెహదీ హసన్, బేగం అఖ్తర్, హైదరాబాద్ విఠల్‌రావు గారు. మరి లెక్క ఎందుకిలా వచ్చింది?

ఆ పాత కాయిదా. మామూ గజల్ పెట్టి, రుఖా సెట్ చేస్తూ, మొదటి షేర్ అయ్యీ అవ్వగానే మౌస్‌తో వెనక్కి లాగేవారు. "ఫిర్ సే సున్ బేటా, యే జగా" అనేవారు. ఆరేడు నిమిషాల గజల్ లెక్కలో పడాలంటే మూడు నిమిషాలు పైన గడవాలి. ఆయన రెండో నిమిషంలోనే లాగారు. ప్లగిన్ దాన్ని వదిలేసింది. కవ్వాలీ అయితే మత్లబ్‌కు రావడానికే పది నిమిషాలు పడుతుంది, ఆయన వెనక్కి లాగేసరికి నాలుగు నిమిషాల హద్దు ఎప్పుడో దాటి, పాట లెక్కలో పడిపోయేది. అంటే బాగా నచ్చి మళ్ళీ మళ్ళీ విన్నవే లెక్కలో లేవు. నచ్చీ నచ్చక వదిలేసినవి, ఫోన్‌లో మాట్లాడుతుంటే వాటంతట అవి పాడుకుంటూ పోయినవి, అన్నీ హాజరు. పాతికేసి నిమిషాల కవ్వాలీ కూడా ఒకటే గీత, మూడు నిమిషాల సినిమా పాటా ఒకటే గీత.

ఇది ఒక్క దుకాణం లెక్క. కానీ ఇలాంటి లెక్కల్నే కోట్ల సంఖ్యలో కలిపి "నీలాగే వినేవాళ్ళు" అని పడోసీల జాబితా తయారుచేసేవారు. మా ఖాతాకు దొరికిన పడోసీలు కొందరు పాకిస్తాన్‌లో, కొందరు ఇంగ్లండ్‌లో. గజ్వేల్‌లో ఎవరూ లేరు, హైదరాబాద్‌లోనూ ఒకరిద్దరే. అక్కడ వినేవాళ్ళు లేక కాదు. వాళ్ళంతా క్యాసెట్ మీద, రేడియోలో, ఉర్సు రాత్రి దర్గా ముందు చాప మీద వినేవాళ్ళు. ఒకే ఖాతాలో పొద్దున బేగం అఖ్తర్, రాత్రి దేవిశ్రీ ప్రసాద్ విన్న మనిషి ఎవరా అని ఆ ఇంగ్లండ్ పడోసీ బుర్ర గోక్కుని ఉంటాడు.

2007 మేలో అమెరికా సీబీఎస్ కంపెనీ లాస్ట్‌ఎఫ్ఎంని 14 కోట్ల పౌండ్లకు కొంది. పాటల కోసం కాదు, పాటలు అందరి దగ్గరా ఉన్నాయి. ఎవరు ఏం వింటున్నారన్న రోజ్‌నామ్చా కోసం. జనం ముఫ్త్‌గా రాసిచ్చిన పుస్తకం అంత ధర పలికింది. ఆ తర్వాత తోహ్ఫా ఇచ్చినవాళ్ళకు అనుమానాలు మొదలయ్యాయి. 2009 ఫిబ్రవరిలో, విడుదల కాని యూటూ ఆల్బం ఎవరెవరు విన్నారో ఆ లెక్క రికార్డు కంపెనీల సంఘానికి చేరిందని ఒక టెక్ వార్తా సైటు రాసింది. లాస్ట్‌ఎఫ్ఎం గట్టిగా ఖండించింది. 2012లో ఖాతాల చోరీ జరిగింది, 4 కోట్ల 30 లక్షలకు పైగా ఖాతాల వివరాలు పోయాయని 2016లో గానీ బయటపడలేదు. వాళ్ళ రేడియో 2014 ఏప్రిల్‌లో ఆగింది. లెక్క రాసే పని మాత్రం నేటికీ నడుస్తోంది. పోటీగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2009లో లిబ్రెఎఫ్ఎం పెట్టారు, 2015లో మ్యూజిక్‌బ్రెయిన్జ్ వాళ్ళు లిసెన్‌బ్రెయిన్జ్ పెట్టారు. ఈ రెండోదాంట్లో లెక్క ఎవరి సొంత ఆస్తీ కాదు, అందరికీ తెరిచే ఉంటుంది. నాకు అది నచ్చింది.

ఈలోగా డెస్క్‌టాప్ పోయి ఫోన్ వచ్చింది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశానికి వచ్చింది. ఇప్పుడు ముంశీని మనం పిలవక్కర్లేదు, పాటతోపాటే వస్తాడు, వద్దన్నా పోడు. కాయిదా కూడా మారింది. ముప్పై సెకన్లు మోగితే చాలు, విన్నట్టే. తేడా ఏమిటంటే ఆ రోజుల్లో లెక్క శౌఖ్ కోసం, ఇప్పుడు లెక్క మీదే పాడేవాడి కూలి. మొత్తం పైసల్లో నీ వాటా, మొత్తం గీతల్లో నీ గీతలెన్నో దాని మీద. పాతిక నిమిషాలు గొంతు చించుకున్న కవ్వాల్‌కి ఒక గీత, అరనిమిషం హుక్కు బిట్టుకీ ఒక గీత. 2024 నుంచి ఇంకో షరతు పెట్టారు. పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు మోగని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలో అసలు వాటాయే లేదు. వాళ్ళు చెప్పే సబబు, ఆ చిల్లర పైసలు ఎలాగూ గాయకుడి జేబుకు చేరవు, మధ్యలోనే ఆగిపోతాయి అని. నిజమే కావచ్చు. కానీ మన జిల్లా దర్గాల్లో ఉర్సుకు పాడే కవ్వాల్, బతుకమ్మ పాట సొంతంగా రికార్డు చేసి పెట్టుకున్న ఊరి ఆడపడుచు, ఇలాంటివాళ్ళకు వెయ్యి అన్నది చిన్న అంకె కాదు. ముప్పై అక్షరాల చీటీలో తెగిపడ్డ పార్టీ ఇక్కడ రెండోసారి తెగిపడుతోంది. ఈసారి పైసల్లో.

మామూ కొడుక్కి రెండు కాగితాలు పంపాను. మొదటిది యంత్రం రాసిన లిస్టు, నేను జల్లెడ పట్టినది. రెండోది నేను యాద్ చేసుకుని రాసింది, లెక్కలో పడని గజళ్ళు. ఒక్కోదాని పక్కన మామూ ఎక్కడ వెనక్కి లాగేవారో కూడా నాకు గుర్తున్నంత మేర రాశాను, రెండో మిస్రా దగ్గర, సారంగీ ముగిసే చోట, అలాగ. వాడు మొదటి కాగితం గురించి ఏమీ అనలేదు. రెండోదాంట్లో నాలుగో గజల్ దొరకట్లేదు, పాడినవారి పేరు స్పెల్లింగు ఏమిటి భాయ్‌జాన్ అని అడిగాడు. మూడు రకాలుగా రాసి పంపాను.

దోస్తులారా, మీ ఇళ్ళల్లో పాత కంప్యూటర్లు, పాత హార్డ్ డిస్కులు ఇంకా ఉంటాయి. రాక్‌బాక్స్ వేసుకున్న పాత మ్యూజిక్ ప్లేయర్లు ఉంటే వాటిలో స్క్రాబ్లర్ లాగ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు కూడా ఉండొచ్చు. పాడినవారు, ఆల్బం, పాట, సమయం, పక్కన విన్నారా దాటేశారా అని ఒక అక్షరం. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. కబాడీవాడికి వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. సమయాలు గడబిడగా కనిపిస్తే, అవి ఏ గడియారం లెక్కో చూసుకోండి.